చేటెడు తవుడు

తమ్ముడి దినకర్మలు ముగిసిన తర్వాతి సోమవారం, మరణ ధ్రువపత్రం కోసం మా మరదలు లలితను వెంటబెట్టుకుని మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళాను. నా చిన్నప్పుడు అది పంచాయతీ ఆఫీసు. మా నాన్న ముప్పై ఏళ్ళ పైచిలుకు గుమాస్తాగా కూర్చున్న చోటు. ఆ పెంకుటిల్లు పోయి మేడ వచ్చింది, గోడలకి టైల్స్ వచ్చాయి, బల్లకో కంప్యూటర్ వచ్చింది. బ్లీచింగ్ పౌడర్ వాసన మాత్రం ఎక్కడికీ పోలేదు. బావుల్లో చల్లడానికి తెచ్చిన బస్తాలు అప్పట్లో నాన్న కుర్చీ వెనకే ఉండేవి. ఇప్పుడు మెట్ల కింద పేర్చారు. ఆ ఘాటు ముక్కుకి తగలగానే సాయంత్రం ఇంటికొచ్చిన నాన్న చొక్కా గుర్తొచ్చింది. తమ్ముడి శవం దగ్గర కూడా రాని ఏడుపు ఆ మెట్ల దగ్గర వచ్చింది. భర్త పోయిన మనిషిని నేను ఓదార్చాల్సింది పోయి, ఆవిడే నన్ను పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టింది. డెబ్భై దాటినా నాకు ఎక్కడ ఏడవాలో తెలియదు.

జనన మరణాల సీట్లో ఉన్న స్వాతి నా దగ్గర పదో తరగతి చదివింది. నన్ను చూడగానే లేచి నిలబడింది. "మీరెందుకొచ్చారు మేడం? ఒక్క ఫోన్ చేస్తే నేనే పట్టుకొచ్చి ఇచ్చేదాన్ని కదండీ" అంటూ ఫారం తీసింది. పోయినవారి పేరు, ప్రసాదరావు. తండ్రి పేరు, శేషగిరిరావు. "తల్లి పేరు చెప్పండి మేడం" అంది. చెప్పడానికి నోరు తెరిచాను. రెండు పేర్లు ఒకేసారి నాలుక మీదికి వచ్చాయి. ఆ పిల్ల దుఃఖం అనుకుని మంచినీళ్ళు తెప్పించింది. నా మనసు మళ్ళించడానికి కాబోలు, "మీకొకటి చూపించాలండి. పాత రిజిస్టర్లన్నీ స్కానింగ్ చేస్తున్నాం. మీ నాన్నగారి చేతిరాత చూడ్డానికి సగం ఆఫీసు వచ్చిందండి. మీకోసమే పక్కన పెట్టాను" అని, ఖాకీ గుడ్డ అట్ట వేసిన లావుపాటి పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఏ పేజీలో ఏముందో నాకు తెలుసు. తమ్ముడు పుట్టిన ఏడు, ఆ శ్రావణమాసం పేజీ తిప్పాను. నాన్న గుండ్రటి అక్షరాల్లో అలాగే ఉంది. మగ శిశువు. తండ్రి, శేషగిరిరావు, పంచాయతీ గుమాస్తా. తల్లి, మరియమ్మ, ఆసుపత్రి ఆయా.

మా అమ్మ పేరు సుందరమ్మ. తమ్ముణ్ణి కన్నది ఆవిడే. పక్క గదిలో చెవులు మూసుకుని కూర్చున్నదాన్ని నేనే. మరి ఈ పేరు ఇక్కడికి ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు నాన్న సంగతి చెప్పాలి.

నాన్న సంగతంటే ఆయన కలం సంగతే. పొద్దున్నే కాలవలో స్నానం చేసొచ్చి, అరుగు మీద కూర్చుని, ఇంకు బిళ్ళని వేడినీళ్ళలో కరిగించి, పాళీని పాత పంచె పీలికతో తుడిచి, ఎండకి పట్టి చూసుకునేవారు. ఊళ్ళో పుట్టినవాళ్ళూ పోయినవాళ్ళూ అందరూ ఆ పాళీ కింద నుంచి పోవలసిందే. మంత్రసానులు, ఆసుపత్రి ఆయాలు, కాటికాపరి, అందరూ పొద్దున్నే మా అరుగు దగ్గరికే వచ్చి కబురు చెప్పి పోయేవారు. పుట్టుక కబురైతే నాన్న కూర్చునే వినేవారు. చావు కబురైతే లేచి నిలబడేవారు. ఆఫీసులో మరణాల రిజిస్టరు తెరిచినప్పుడు చెప్పులు బల్ల కింద విడిచి రాసేవారు. ఎవరైనా నవ్వితే, "వాళ్ళ గురించి రాసే ఆఖరి ముక్క ఇదేనయ్యా, చెప్పులతో ఎలా రాస్తాం" అనేవారు. కొట్టివేతలంటే ఆయనకి పడదు. నేను పలక మీద తప్పు రాసి ఉమ్మితో చెరుపుకుంటుంటే, "నీది అదృష్టమమ్మా, పలక. నాది రిజిస్టరు" అనేవారు.

నా తర్వాత అమ్మకి ఇద్దరు మగపిల్లలు పుట్టారు. ఒకడు పురిటి మంచం మీదే పోయాడు, ఇంకొకడు నెల తిరక్కుండా పోయాడు. ఆ ఇద్దర్నీ పుట్టుకల పుస్తకంలో ఒకసారి, చావుల పుస్తకంలో ఒకసారి నాన్నే రాసుకున్నారు. రెండోవాణ్ణి రాసిన రోజు ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కోకుండా, నూతి చుట్టూ కట్టిన పళ్ళెం మీద చీకటి పడేదాకా కూర్చున్నారు. అమ్మ మాట్లాడ్డం తగ్గించేసింది. అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయేది. మా మామ్మ, అంటే నాన్నగారి తల్లి, గరిటె అందుకుని మిగతా పని చేసేది. కోడల్ని ఒక్క మాట అనేది కాదు. మామ్మ నోటికి ఊళ్ళో పెద్ద పేరే ఉంది కాబట్టి, ఆ మాట అనకపోవడమే మా ఇంట్లో అందరికీ భయం వేసే సంగతి.

మూడోవాడు పుట్టగానే మామ్మ నిర్ణయం చేసేసింది. పిల్లలు దక్కని ఇంట్లో పూర్వం నుంచీ ఒక పని చేస్తారు. బిడ్డని చేటలో వేసి పెంటకుప్ప మీద పెట్టి, ఇంటివాళ్ళు తలుపేసుకుని మొహం తిప్పుకోవాలి. ముందే మాట్లాడుకున్న ఇరుగింటి ఇల్లాలు వచ్చి, ఎవరో పారేసిన బిడ్డని దొరకబుచ్చుకున్నట్టు ఎత్తుకోవాలి. అప్పుడు ఇంటివాళ్ళు చేటెడు తవుడు ఇచ్చి ఆ బిడ్డని ఆవిడ దగ్గర కొనుక్కోవాలి. ఆ బిడ్డ ఆ ఇంటి బిడ్డ కాదు, కొనుక్కున్న బిడ్డ, కాబట్టి ఆ ఇంటి పిల్లల్ని తీసుకుపోయేది వీడి జోలికి రాదు. మామ్మ ఎంచుకున్నది పక్కింటి సుబ్బాయమ్మ గారిని. ఆరుగురు పిల్లల తల్లి, ఆరుగురూ దుక్కల్లా ఉండేవారు. పురుడు వెళ్ళిన రోజు పొద్దున్నే, సందు చివర పంచాయతీ చెత్త పోసే చోట, కుప్ప మీద పాత చీర పరిచి, చేటలో తమ్ముణ్ణి పెట్టారు. "కుక్కలు రాకుండా చూడు. నువ్వు మాత్రం వాణ్ణి ముట్టుకోకు" అని నా చేతికి కర్ర ఇచ్చి మామ్మ తలుపేసుకుంది.

సుబ్బాయమ్మ గారు రాలేదు. సన్నగా జల్లు మొదలైంది. గేదెని కొట్టంలో కట్టేసి వద్దామని ఆగారట, తర్వాత తెలిసింది. తమ్ముడు కాళ్ళు తన్నుకుంటూ ఏడుస్తున్నాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ముట్టుకోకూడదు, చూస్తూ ఊరుకోలేను. సరిగ్గా అప్పుడే లాకుల వైపు నుంచి తెల్లచీర కట్టుకుని, గొడుగేసుకుని మరియమ్మ ఆసుపత్రి డ్యూటీకి వెళుతోంది. కాలవ లాకుల దగ్గర నీటి తలుపులు ఎత్తి దించే లష్కరుగా పనిచేసిన యాకోబు భార్య ఆవిడ. యాకోబు పోయి అప్పటికి రెండేళ్ళు. పిల్లల్లేరు. కుప్ప మీద బిడ్డని చూడగానే గొడుగు కింద పడేసి పరిగెత్తుకొచ్చింది. "ఓరి దేవుడా, ఎవరి బిడ్డండీ ఇది! వానలో పడేశారేంటి!" అంటూ ఎత్తుకుని కొంగులో చుట్టేసింది. వాడు ఏడుపాపేశాడు.

తలుపు తీసిన మామ్మ మొహం ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. విధవరాలు, పిల్లల్లేనిది, పైగా మా వాకిట్లో రెండో మెట్టు దాటి పైకి రాకూడని మనిషి. "ఎందుకెత్తావే?" అంది మామ్మ. "తడిసిపోతున్నాడండీ" అంది మరియమ్మ. అప్పటికి ఆపసోపాలు పడుతూ వచ్చిన సుబ్బాయమ్మ గారు, "దాందేముందండీ, మళ్ళీ పడుకోబెట్టండి, నేనెత్తుకుంటాను" అన్నారు. మామ్మ ఆవిణ్ణి కసిరింది. "ఆటలనుకున్నావా? ఎత్తినవాళ్ళదే బిడ్డ. అయిపోయింది." ఆవిడకి చాలా అన్యాయమైన పద్ధతులు ఉండేవి కానీ, తను నమ్మిన నియమాన్ని తనకి చేదైనా మింగేది. లోపలికి వెళ్ళి చేటనిండా తవుడు పోసుకొచ్చి, రెండో మెట్టు మీద పెట్టింది. "మూడేళ్ళు వీడు నీ బిడ్డ. మా దగ్గర పెరుగుతాడు, అంతే. ఎవరడిగినా నా బిడ్డే అని చెప్పాలి" అంది. మరియమ్మ మొదట నవ్వింది. "తవుడు మా కోళ్ళకి పనికొస్తుందిలెండి" అంది. తర్వాత బిడ్డని ఇవ్వబోతూ వాడి మొహంలోకి చూసి, "అలాగేనండీ. నా బిడ్డే అని చెప్తాను" అంది. ఈసారి నవ్వలేదు. వాడికి పెంటయ్య అని పేరు పెట్టారు. ప్రసాదరావు అన్నది బళ్ళో వేసినప్పుడు పెట్టిన పేరు.

అక్కడితో ఆగినా బాగుండేది. మామ్మ రాతలో కూడా అలాగే ఉండాలని పట్టుబట్టింది. "నీ పుస్తకంలో రెండుసార్లు తల్లి అని నీ పెళ్ళాం పేరు రాశావు. రెండుసార్లూ ఏమైంది?" అని కొడుకుని నిలదీసింది. నాన్న నాలుగు రోజులు ఆఫీసుకి వెళ్ళొచ్చారు కానీ ఆ పుట్టుక రాయలేదు. ఐదో రోజు పొద్దున్న కలం తుడుచుకుంటుంటే అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఈ ఒక్కసారికి రాయండి. నేనెప్పుడూ ఏమీ అడగలేదు" అంది. నాన్న వెళ్ళి రాశారు. తల్లి గడిలో మరియమ్మ పేరు రాశాక, తండ్రి గడి దగ్గర ఆయన కలం ఆగిపోయి ఉంటుంది. యాకోబు పోయినట్టు రాసింది ఆయనే. రెండేళ్ళ కిందట పోయినవాడికి ఇప్పుడు కొడుకు పుట్టాడని ఎలా రాస్తారు? గడి ఖాళీగా వదలకూడదు. అందుకని అక్కడ నిజం రాశారు. పూర్తిగా అబద్ధం రాసినా ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. నిజాయితీ గల మనిషి అబద్ధమాడితే సగంలో ఆగిపోతాడు. ఆ మిగిలిన సగం వెళ్ళి ఇంకెవరి నెత్తి మీదో పడుతుంది.

ఆ తర్వాత ఏడాది పైచిలుకు మా ఇంట్లో ఎంత సంతోషంగా గడిచిందో చెప్పలేను. సాయంత్రం డ్యూటీ దిగగానే మరియమ్మ వచ్చి రెండో మెట్టు మీద కూర్చునేది. ఆవిడ దగ్గర ఫినాయిలు వాసన, సబ్బు వాసన, ఎండలో ఆరిన నూలుచీర వాసన కలిసి వచ్చేవి. అమ్మ తమ్ముణ్ణి తెచ్చి ఆవిడ ఒళ్ళో వేసి, తను పై మెట్టు మీద కూర్చునేది. బిడ్డకి దగ్గొస్తే ఏం చెయ్యాలి, పళ్ళొచ్చేటప్పుడు ఏం పెట్టాలి, అన్నీ మరియమ్మే చెప్పేది. తవుడు తిన్న కోళ్ళు పెట్టిన గుడ్లు కొంగులో కట్టుకొచ్చి, "మీ అబ్బాయికి కాదండీ, మా అబ్బాయికి" అనేది. అమ్మ మళ్ళీ నవ్వడం ఆ మెట్ల మీదే మొదలైంది. మరియమ్మ వెళ్ళిపోయాక మామ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఆ మెట్టు కడిగేది. రోజూ కడిగేది. ఆవిడ మీద ప్రేమ లేక కాదు, ఆవిడ రావడం నాలుగు నిమిషాలు ఆలస్యమైతే వీధిలోకి తొంగిచూసేది కూడా మామ్మే. ఆ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అర్థం కాకపోయినా, ఆ నీళ్ళ చప్పుడు మరియమ్మకి సందు చివరిదాకా వినిపించి ఉంటుందని మాత్రం ఇప్పుడు తెలుసు.

పిల్లల పండుగకి పంచాయతీ ఆఫీసు ముందు ఏటా బేబీ షో పెట్టేవారు. మామిడాకు తోరణాలు, మైకు సెట్టు, ఆసుపత్రి నుంచి తెచ్చిన తూనిక యంత్రం. ఊళ్ళో చంటిపిల్లలందరికీ నూనె రాసి, కాటుక దిద్ది, చొక్కాకి నంబరు కాగితం గుచ్చి కూర్చోబెట్టేవారు. ఆ ఏడు మా తమ్ముడిది పదిహేడో నంబరు. అమ్మ జరీ చీర కట్టుకుని వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మరియమ్మ ఆసుపత్రి ఆయాలతో కలిసి వెనక నిలబడింది. నాన్న వేదిక పక్కన కుర్చీలు సర్దుతున్నారు. పిల్లల పేర్ల జాబితా ఆ ఏడు హెల్త్ విజిటరు రాసింది, నాన్న సెలవులో ఉన్న రోజున, రిజిస్టరు చూసి. ఆ సంగతి ఆయనకి తెలియదు. ప్రెసిడెంటు గారు మైకు అందుకుని, మంచి హుషారులో, జాబితాలో ఉన్నది ఉన్నట్టు చదివేశారు. "మొదటి బహుమతి పదిహేడో నంబరు! తండ్రి మన గుమాస్తా శేషగిరిరావు గారు! తల్లి మరియమ్మ గారు! వేదిక మీదకి రావాలి!"

వెనక నుంచి ఎవరో, "గుమాస్తా గారు లాకుల దగ్గర కూడా డ్యూటీ చేస్తున్నారండోయ్" అన్నారు. నవ్వులు. తవుడు సంగతి సగం ఊరికి తెలుసు. తెలిసినవాళ్ళు కూడా నవ్వారు, అదే నాకు బాధ. అమ్మకి ఆ నవ్వులు వినిపించాయో లేదో. మూడేళ్ళు కాకుండా వాడు నా బిడ్డే అని పదిమందిలో అంటే కొన్నది చెల్లదని ఆవిడ భయం. గబగబా వెళ్ళి తమ్ముణ్ణి మరియమ్మ చేతుల్లో పెట్టి, "వెళ్ళు మరియమ్మా, నిన్నే పిలుస్తున్నారు" అంది. మరియమ్మ వాణ్ణి ఎత్తుకుని మెట్లెక్కింది. వెండిపూత వేసిన ఉగ్గుగిన్నె అందుకుంది. ఫోటో తీసేవాడు తల ఎత్తమంటే ఎత్తింది. ఆ మొహంలో ఉన్న వెలుగు నేను మళ్ళీ ఎవరిలోనూ చూడలేదు. కిందకి చూశాక, ఎందుకు నవ్వుతున్నారో అప్పుడు అర్థమైంది ఆవిడకి. నాన్న మైకుకి రెండడుగుల దూరంలో ఉన్నారు. "ఆ రాత నాది, ఆవిడ ఏ పాపమూ ఎరగదు" అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆయన చేతిలోని కుర్చీ మడతపెట్టి గోడకి ఆనించారు. దొంగ రాత రాశానని ఒప్పుకుంటే ఉద్యోగం పోతుంది. నిజమే. కానీ నాన్న అప్పుడు ఉద్యోగం గురించి ఆలోచించలేదనీ, సిగ్గుతో చచ్చిపోయారనీ నాకు తెలుసు.

చర్చి పెద్దలు మరియమ్మని పిలిచి అడిగారట. "తవుడు పుచ్చుకున్నానండీ, బిడ్డ నాదే అని మాటిచ్చాను" అందట. అంతకు మించి చెప్పలేదట. ఆరు నెలలు ఆవిణ్ణి చర్చిలో రొట్టే ద్రాక్షరసమూ ఇచ్చే ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వలేదు. బళ్ళో ఆడపిల్లలు, "మీకు ఇద్దరమ్మలంట కదే" అని నన్ను ఏడిపించేవారు. నేను ఇంటికొచ్చి పుస్తకాలు విసిరికొట్టేదాన్ని. వారం తిరక్కుండా ఒక సాయంత్రం నాన్న నన్ను పిలిచారు. "మరియమ్మతో చెప్పిరా అమ్మా. కొన్నాళ్ళు ఇటు రావద్దని. గొడవ సద్దుమణిగాక నేనే కబురంపుతానని చెప్పు" అన్నారు.

లాకుల దగ్గర ఆవిడ పాక ముందు కోళ్ళకి తవుడు కలిపి పెడుతోంది. నన్ను చూసి మొహం విప్పారింది. "రా అమ్మడూ! బాబేం చేస్తున్నాడు? పాలు తాగాడా?" అంది. నేను దూరంగానే నిలబడి, "నువ్వింక మా ఇంటికి రావద్దంట. నాన్న చెప్పమన్నారు" అన్నాను. ఆవిడ చేతిలో తవుడు అలాగే ఉండిపోయింది. "ఇంకెప్పుడూనా?" అంది. కొన్నాళ్ళేనని అప్పుడైనా సరిదిద్దుకోవచ్చు. బళ్ళో పిల్లల మొహాలు గుర్తొచ్చాయి. "ఇంకెప్పుడూ రావద్దంట" అన్నాను. "సరేనమ్మా. నాన్నగారు చెప్పారంటే ఏదో ఉండే ఉంటుంది" అని, లోపలికి వెళ్ళి రెండు గుడ్లు తెచ్చి నా పరికిణీ చెరుగులో పెట్టింది. బాబుకి, అంది. ఆ గుడ్లని దారిలో కాలవలో పారేశాను.

ఊరు నవ్వు మరిచిపోవడానికి నాలుగు నెలలు కూడా పట్టలేదు. కాలవకి వంతెన ఎక్కడ కట్టాలని పంచాయతీలో పెద్ద తగువొచ్చి, అందరూ దాన్ని పట్టుకున్నారు. ఒక రోజు భోజనాల దగ్గర నాన్న అమ్మతో, "మరియమ్మకి కబురు పెడదామనుకుంటున్నాను గానీ, కోపంగా ఉన్నట్టుంది. ఎదురుపడితే పక్క సందులోకి తిరిగిపోతోంది" అన్నారు. "మనం చేసిన పనికి కోపం రాదా" అంది అమ్మ. నేను అక్కడే కూర్చుని పప్పన్నం కలుపుకుంటున్నాను. చెప్పొచ్చు. చెప్పలేదు. మూడేళ్ళు నిండాక తమ్ముడికి అన్నవరంలో పుట్టెంట్రుకలు తీయించి వ్రతం చేయించారు. తెచ్చిన ప్రసాదంలో ఒక పొట్లం అమ్మ మరియమ్మ కోసం విడిగా దాచింది. ఎవరు తీసుకెళతారు? అమ్మ నా వైపు చూసింది, నేను చదువుకుంటున్నట్టు నటించాను. నాలుగో రోజుకి పొట్లానికి చీమలు పట్టాయి. మామ్మ దాన్ని తీసుకెళ్ళి, మరెవరికీ పెట్టకుండా, రెండో మెట్టు పక్కన మట్టిలో కప్పెట్టింది. మెట్టు కడగడం మానేసి అప్పటికి చాలా కాలమైంది.

నేను ట్రైనింగుకనీ, ఉద్యోగమనీ, పెళ్ళనీ ఊరు దాటిపోయాను. మరియమ్మ పోయిన సంగతి అమ్మ ఉత్తరంలో ఒక్క వాక్యంగా రాసింది. నేను జవాబు రాస్తూ మిగతావాటికన్నిటికీ జవాబిచ్చి దానికి ఇవ్వలేదు. నాన్న రాసిన ఆ రాతని ఎప్పటికీ దిద్దించలేదు. తమ్ముడికి ఇదేదీ తెలియదనీ, వాడికి చెప్పకుండా కాపాడామనీ ఇన్నేళ్ళూ అనుకున్నాను.

రిజిస్టరు మూసి స్వాతిని అడిగాను. "మరియమ్మ అని, లాకుల దగ్గర ఉండేది. ఆవిడ చనిపోయిన రాత దొరుకుతుందామ్మా?" ఏ సంవత్సరమో ఉజ్జాయింపుగా చెప్పాను. ఆ పిల్ల అరగంట వెతికి ఇంకో పుస్తకం తెచ్చింది. అప్పటికి నాన్న లేరు ఆ సీట్లో, చేతిరాత ఎవరిదో. పేరు, వయసు, ఊరు. కబురు తెచ్చినవారి పేరు దగ్గర ప్రసాదరావు అని ఉంది. సంబంధం అన్న గడిలో, కొడుకు. కింద సంతకం మా తమ్ముడిది. ప్ర అక్షరానికి తోక పొడుగ్గా లాగేవాడు, చిన్నప్పుడు దానికి నా చేత మొట్టికాయలు కూడా తిన్నాడు. "ఇదేంటండీ మేడం, సార్ పేరేనా ఇది?" అంది స్వాతి. అవునన్నాను. వాడు మరణాల పుస్తకంలో సంతకం పెట్టేటప్పుడు చెప్పులు విడిచే ఉంటాడు. వాడికి నాన్న అలవాట్లన్నీ వచ్చాయి.

తమ్ముడి ఫారం మళ్ళీ ముందుకొచ్చింది. "రెండు పేర్లు పడతాయా అమ్మా, తల్లి దగ్గర?" అని అడిగాను. "పడవండి. సిస్టమ్ ఒక్కటే తీసుకుంటుంది. సార్ మిగతా కాగితాల్లో ఉన్నదే ఇవ్వాలండీ, లేకపోతే ఆంటీ గారి పెన్షన్‌కి ఇబ్బందవుతుంది" అంది. సుందరమ్మ అని చెప్పాను. "మరి ఆ పుట్టుక రాత తప్పు పడినట్టుంది కదండీ, దిద్దించమంటారా? అఫిడవిట్ ఇస్తే చాలు" అంది. వద్దన్నాను. దిద్దాల్సినప్పుడు దిద్దితే ఒక మనిషి పరువు నిలబడేది. ఇప్పుడు దిద్దితే ఆవిడకి ఉన్న ఒక్క కొడుకూ పోతాడు. కబురు తెచ్చినవారి దగ్గర, సంబంధం అక్క అని రాసి సంతకం పెట్టాను.

బయట వరండాలో ఆటో కోసం నిలబడ్డాం. "లలితా, వాడికి మరియమ్మ సంగతి తెలుసా?" అని అడిగాను. ఆవిడ నా వైపు వింతగా చూసింది. "మీకు తెలీదా వదినగారూ? మీకు తెలుసనే అనుకున్నానండి. ప్రతి ఏడూ సమాధుల పండక్కి కొవ్వొత్తులు కొనుక్కుని వెళ్ళేవారు. ఎవరికండీ అంటే, నన్ను ఎత్తుకున్నావిడకి అనేవారు. మావయ్యగారు రిటైరైన రోజున, ఆఫీసువాళ్ళు వేసిన దండ చేత్తో పట్టుకుని, ఈయన్ని వెంటబెట్టుకుని తిన్నగా ఆవిడ ఇంటికి వెళ్ళారట. ఆ దండ ఆవిడ చేతిలో పెట్టి, ఇన్నేళ్ళూ రాలేదేం మరియమ్మా, నేను కొన్నాళ్ళే కదా రావద్దన్నాను అన్నారట."

ఆటో వచ్చి ఆగింది. లలిత ఎక్కబోయి, నేను కదలకపోయేసరికి ఆగింది.

"ఆవిడేమంది?"

"దండ తీసుకుని గుమ్మానికి తగిలించిందటండి. తర్వాత, అప్పటికి చిన్నపిల్ల కదండీ, అమ్మడు ఆ ముక్క మర్చిపోయుంటుంది, ఇప్పుడు దాన్నేమీ అడక్కండి అందట."

నాన్న అడగలేదు. ఆ తర్వాత పన్నెండేళ్ళు బతికారు, నా ఇంటికొచ్చి నెలల తరబడి ఉన్నారు, ఒక్కసారి అడగలేదు. తమ్ముడూ అడగలేదు. పోయే ముందు రోజు కూడా ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని, అక్కా టీ తాగావా అన్నాడు.

"నేను మర్చిపోలేదు లలితా" అన్నాను. "ఇంకెప్పుడూనా అని ఆవిడ నన్ను తిరిగి అడిగింది కూడా."